బోరులో దిగిన పేరు

ఎస్తేరమ్మని నర్సమ్మ ఉండేదంట మెరకపాలెం ఆసుపత్రిలో. ఆసుపత్రంటే ఏదో పెద్దది ఊహించుకోకండి, మూడు గదులూ ఒక వసారా. డాక్టరుగారు వారానికి రెండ్రోజులొస్తాడు, అందులో ఒకరోజు బస్సు రాదు. మిగతా రోజులన్నీ ఎస్తేరమ్మే. ఆ ఆసుపత్రిలో మందులకి కొరత, మంచాలకి కొరత, ఫాన్లకి మాత్రం లేదు. మూడు గదుల్లో పదకొండు ఫాన్లు. ఎందుకంటే ఆ ఊళ్లో ఎవరింట్లో పెద్దాళ్లు పోయినా, పెద్దకర్మ కాగానే ఆసుపత్రికి ఒక ఫాను ఇచ్చేవాళ్లు. రెక్కలమీద ఎర్రరంగుతో 'కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం' అని రాయించేవాళ్లు, మంచంమీద పడుకున్నోళ్లకి కనపడుద్దని. కనపడుద్ది, తిరగనప్పుడు. తిరిగితే ఏం కనపడుద్ది? అందుకని ఇచ్చినోళ్లు చూడ్డానికొచ్చినప్పుడల్లా ముందు స్విచ్చి కట్టేసేవాళ్లు. జ్వరంతో పడున్నోడు చెమటలు కక్కుకుంటా వాళ్ల తాతగారి పేరు చదువుకోవాలి. సర్పంచిగారైతే బల్ల ఇచ్చాడు, ఆనుకునే చెక్కమీద పేరు రాయించి. రంగు ఆరకముందే జనం ఆనుకున్నారు. వారం రోజులు ఊళ్లో సగంమంది వీపుమీద సర్పంచి పేరు తిరగబడి ఉంది. ఆయనకది బాగానే నచ్చింది అనుకోండి.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఆ ఎండాకాలం ఆసుపత్రి బోరు మోటారు కాలిపోయింది. నీళ్లు లేవు. మంచినీళ్ల బావి అర మైలు దూరం, ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే ఆయమ్మ రోజుకి నాలుగు బిందెలు మోసుకొచ్చేది. కానుపుల గదికి అవి ఏమూలకొస్తాయి? పైనుంచి ఆఫీసరమ్మ వచ్చి చూసి, వానలు పడేలోపు నీళ్లు పెట్టుకోకపోతే కానుపుల గదికి తాళం వేస్తాం సిస్టరూ, అందర్నీ టౌనుకే పంపించు, అని చెప్పి పోయింది. టౌనుకి పోవాలంటే మధ్యలో వాగు. అంతకుముందేడు ఇట్టాగే నాల్రోజులు మోటారు ఆగినప్పుడు అచ్చియ్యమ్మ కోడల్ని ట్రాక్టరుమీద తీసుకుపోతంటే, వాగు దగ్గరే కనింది. బిడ్డ దక్కలేదు. ఆ ట్రాక్టరుమీద పక్కన కూచుంది ఎస్తేరమ్మే. అందుకని తాళం అనే మాట విన్నాక ఆవిడకి అన్నం సయించలేదంట.

మోటారు కోసం ఇల్లిల్లూ తిరిగింది. మేష్టారింటికి పోతే, "ఫానైతే ఇస్తాం సిస్టరూ, మా అత్తగారి పేరుమీద ఒకటి అనుకుంటన్నాం" అన్నాడు. "ఆవిడ బతికే ఉన్నారు గదండీ" అంది. "ఉందిలే, ముందుగా అనుకుంటన్నాం" అన్నాడంట. పక్కగదిలోంచి ఆ అత్తగారు దగ్గింది. ఇక చివరికి రైసుమిల్లు బుచ్చబ్బాయిగారి దగ్గరికి పోయింది. ఊళ్లోకెల్లా కలిగినోడు, మూడు ఫాన్లిచ్చినోడు. అంతా విని, "మోటారిస్తే మా నాన్న గవర్రాజుగారి పేరెక్కడ రాస్తావు?" అన్నాడు. మోటారుమీదే రాద్దామండి అంది. "అదెక్కడుంటది?" బోరులోనండి, రెండొందల అడుగుల కింద. "అక్కడెవరు చదువుతారు సిస్టరూ, కప్పలా?" అన్నాడు. "అంత లోతున కప్పలు కూడా ఉండవండి" అందంట. అబద్ధం చెప్పడం రాదు ఆవిడకి. నమస్కారం పెట్టి వచ్చేస్తా గేటు దాకా వచ్చింది, ఆగింది, వెనక్కి తిరిగింది. "దిగాక కనపడదు గానీ, దించేముందు కనపడుద్ది గదండీ. మేళం పెట్టి ఊరంతా ఊరేగిద్దాం."

ఆ మాట పనిచేసింది. మోటారుమీద గవర్రాజు పేరు రాయించి, పూలదండేసి, ట్రాక్టరుమీద నాలుగు వీధులూ తిప్పారు. పూజారి కొబ్బరికాయ కొట్టాడు, పాస్టరుగారు ప్రార్థన చేశాడు, ఇద్దర్లో ఎవరు ఎక్కువసేపు చేశారని ఇప్పటికీ వాదించుకుంటారు. ఆడాళ్లు హారతిచ్చారు. పెళ్లికొడుకునైనా అంత బాగా చూళ్లేదు మనోళ్లు. తర్వాత బోరులో దించారు. నీళ్లొచ్చాయి. తాళం రాలేదు. ఎస్తేరమ్మ ఆరోజు కడుపునిండా తిందంట.

అంతటితో అయిపోతే కథేముంది? తొలకరి వానలప్పుడు బుచ్చబ్బాయి వియ్యంకుడు అబ్బులుగారు నిండు నెలలతో ఉన్న కూతుర్ని చూడ్డానికొచ్చాడు. రెండో కానుపు గదా, అత్తారింట్లోనే ఉంది. కానుపు టౌన్లో పెద్దాసుపత్రిలో అనుకున్నారు. ఊరి ఆసుపత్రికి దానమిచ్చాడు గానీ కోడల్ని అక్కడ పడుకోబెట్టాలని బుచ్చబ్బాయి అనుకోలేదు లెండి. మాటల్లో, ఆసుపత్రికి మోటారిచ్చానండి బావగారూ అన్నాడు. ఎక్కడుందది? భూమిలో ఉంది. "ఆహా" అన్నాడు అబ్బులుగారు, మూతి కొంచెం వంకరపెట్టి. అంతే, ఆ మూతి బుచ్చబ్బాయికి రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. తెల్లారి బోరు పనోళ్లని పిలిపించి, మోటారు పైకి తీయండి, బావగారికి పేరు చూపించి మళ్లీ దించుదురు గాని, అన్నాడు. చుట్టమొస్తన్నాడని ట్యాంకులో నీళ్లన్నీ పెట్టి ఆసుపత్రంతా ముందుగానే కడిగించాడు. "వద్దండీ, ఏ క్షణాన ఎవరొస్తారో" అంది ఎస్తేరమ్మ. "గంట పని సిస్టరూ" అన్నాడు.

మోటారు పైకొచ్చింది. తుడిచి ఎండలో పెట్టారు. అబ్బులుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటన్నాడు, ఇంతలో గేట్లోకి రిక్షా వచ్చింది. ఎవరొచ్చారనుకున్నారు? బుచ్చబ్బాయి కోడలే. పది రోజుల ముందే నొప్పులొచ్చేశాయి. వాగు పొంగింది, టౌను మాటే లేదు. ఎస్తేరమ్మ లోపలికి తీసుకుపోయి కుళాయి తిప్పింది. చుక్క లేదు. బయటికొచ్చి ఎండలో ఉన్న మోటారు వైపొకసారి చూసింది. "అది దిగేసరికి రెండు గంటలు. నాకు నీళ్లిప్పుడే కావాలండి, ఎన్ని తెస్తే అన్ని" అంది. బావి దారంతా ఇరుకు సందు, కారు పట్టదు. బుచ్చబ్బాయి పంచె ఎగ్గట్టాడు, బిందె భుజానెత్తుకున్నాడు. వెనకాల అబ్బులుగారు రెండు బకెట్లతో, ఆ వెనక మోటారు వదిలేసి బోరు పనోళ్లు. పోతన్నారు, వస్తన్నారు, పోతన్నారు, వస్తన్నారు. ఆయమ్మ పొయ్యిమీద కాస్తంది. మోటారుమీద గవర్రాజు పేరు ఎండలో తళతళా మెరుస్తంది, చదివేవాడు లేడు. పొద్దు వాలకముందే లోపల బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు.

బుచ్చబ్బాయి సర్పంచి బల్లమీద కూలబడ్డాడు, నిలువునా తడిసి. పనోళ్లొచ్చి, "దించమంటారాండీ, బావగారింకా చూడాలా?" అన్నారు. "పేరు చదవనేలేదు బావగారూ" అన్నాడు అబ్బులుగారు. "గవర్రాజు. చదివేశాంలే. దించండి" అన్నాడు బుచ్చబ్బాయి. మోటారు దిగింది, కుళాయిలో నీళ్లొచ్చాయి. అప్పుడు ఎస్తేరమ్మ ఆయనకి వినపడేటట్టే ఆయమ్మతో, "పిల్లకి స్నానం, ఆ గవర్రాజుగారి నీళ్లు పట్టుకురా" అంది.

అదే పేరు నిలబడింది. ఇప్పటికీ ఆ ఆసుపత్రిలో అవి గవర్రాజు నీళ్లే. పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి స్నానం ఆ నీళ్లతోనే అని బుచ్చబ్బాయి వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకుంటాడు. నిజమే. మంచంమీది రోగుల కింద పెట్టే బేసిన్లు కడిగేదీ ఆ నీళ్లతోనే. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. మీరూ చెప్పకండి, ట్యాంకు పాతబడింది, కొత్తది ఆయన్నే అడగాలని చూస్తన్నారు.