గీత ఎక్కడ పడింది

హలో… ఆ, నేనేరా, అక్కని. మా డాబా మీద నుంచి.

…పక్కింటికి కూడా ఫోనెందుకంటావా? అరిస్తే పాప లేస్తుందని. పడుకుందా?

…వెనక గదిలోనేనా?

…ఊరికే అడిగాలే. మరదలు బజారు నుంచి ఇంకా రాలేదా?

…ఆ, కెమెరా గురించే. నవ్వకు. నక్షత్రాల పిచ్చి నాకు అంటించింది ఎవరు? "అక్కా, ఈ పాత వెబ్‌క్యామ్ కంటి మీద రంగుల పొర గీకేస్తే, నలుపు తెలుపుల్లో చుక్కలు భలే పడతాయి" అన్నది ఎవరు?

…గీకాను కదా. పైన ఉన్న అద్దం తీసి, పొర మెత్తబడే మందు చుక్క వేసి, పళ్లు కుట్టుకునే పుల్లతో. అంచుల్లో వెంట్రుక కన్నా సన్నటి తీగలుంటాయి, ఒక్కటి తెగినా ఇక అంతే అని నువ్వు భయపెడితే, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊపిరి బిగబట్టి మరీ గీకాను. సూదిలో దారం ఎక్కించే చేతులురా ఇవి.

…ఆ, ఆ గీత గురించే. నిన్న చూపించా కదా, తెర మీద నిలువుగా, సన్నగా, తెల్లగా. నువ్వేమన్నావు? పుల్ల జారిందక్కా, గీత పడింది, అది నుదుటి గీత లాంటిది, ఇక పోదు అన్నావు. నేనూ సరే అనుకున్నా.

…అదికాదు, విను. ఇవాళ చుక్కలు రాకముందే, నిన్నటిలాగే మీ ఇంటి వైపు పెట్టి చూశా. గీత పెరిగింది.

…ఎలా పెరుగుతుందంటే, నేనూ అదే అడుగుతున్నా. నుదుటి గీతైనా పుట్టాక పెరగదు కదరా!

…దుమ్ము కాదు. కెమెరాని కాస్త పక్కకి తిప్పా. గీత కెమెరా లోపలిదైతే తెర మీద ఉన్నచోటే ఉండాలి కదా? ఉండలేదు. మీ గోడతో పాటు జరిగింది.

…మీ వెనక గోడే. కింద లాండ్రీ నుంచి పొగగొట్టం పైకి వస్తుందే, పాప కిటికీ పక్కగా. గీత దాని మీద ఉందిరా. కెమెరాలో లేదు.

…కంటికా? కంటికి మామూలు నల్ల గొట్టమే. నా భయమంతా అదే. అనుమానమొచ్చి ఇందాక వంటింట్లో కరెంటు పొయ్యి ముందు ఈ కెమెరా పెట్టి చూశా. తీగ ఇంకా ఎర్రబడలేదు, నా కంటికి నల్లగానే ఉంది. తెర మీద మాత్రం తెల్లగా వెలిగిపోయింది. వేడి వెలుగుని ఆపే ఆ లోపలి చిన్న అద్దం కూడా తీసేశాం చూడు, అప్పట్నుంచీ దీనికి కాలే ఇనుము ముందే కనిపిస్తోంది.

…లాండ్రీ నడిస్తే గొట్టం వేడెక్కదా అంటే, నిజమే. నిన్న నడిచింది. ఇవాళ సెలవురా.

…అవును, పొద్దున్నుంచీ షట్టర్ దించే ఉంది. బట్టలారబెట్టే మిషన్ల నూగంతా గొట్టంలో పేరుకుందని, తీయించాలి తీయించాలి అని ఆ లాండ్రీ ఆయనే అనేవాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ కూడా లేదురా. లోపల్లోపలే రాజుకుంటోంది. నిన్నటి నుంచి.

…నాది తప్పే కావాలని దేవుణ్ణి అడుగుతున్నా. తప్పైతే బతికున్నన్నాళ్లూ ఎక్కిరించు, పడతా. ఒక్క పని చెయ్యి. పాప గదిలోకి వెళ్లు. మంచం వైపు గోడ మీద అరచెయ్యి పెట్టు.

…వెళ్లావా?

…పెట్టావా?

…

…తీసెయ్యి. చెయ్యి తీసెయ్యరా! పాపని ఎత్తుకో. దుప్పటితో సహా ఎత్తెయ్యి. ఏడిస్తే ఏడవనీ.

…కిటికీ ముట్టుకోకు.

…కిందికి వద్దు! లాండ్రీ తలుపు మీ మెట్ల మీదికే కదా. పైకి రా, డాబా మీదికి. మీ పిట్టగోడకీ మా పిట్టగోడకీ చేతి దూరమే.

…మీ బావ ఫైరింజన్‌కి చెబుతున్నారు. మరదల్ని వీధి మొదట్లోనే ఆపమన్నా.

…చెప్పులెందుకురా ఇప్పుడు!

…ఆ, దేవుడే చూపించాడు, కాదన్నానా? మరి నిన్ననే అర్థమయ్యేలా చూపిస్తే ఏం పోయింది? తర్వాత నేనే అడుగుతాలే ఆయన్ని. నువ్వు మెట్లెక్కు.

…లేదు, కెమెరా చూడట్లేదు.

…అవసరం లేదు కాబట్టి. కంటికే కనిపిస్తోందిరా. ఎర్రగా.

…డాబా తలుపు గడియ రాకపోతే భుజంతో తొయ్యి. వానకి ఉబ్బి ఉంటుంది ఆ తలుపు.

…తమ్ముడూ?

…హలో?

…హలో, పాప ఏడవట్లేదేం?

…దగ్గుతోందా? దగ్గనీ, దగ్గనీ. తలుపు వెనకే ఉన్నారు, నాకు చప్పుడు వినిపిస్తోంది. ఇంకొక్కసారి తొయ్యి. నా తండ్రీ, ఒక్కసారి—

…ఇటు! పొగలో ఏం కనబడకపోయినా నా గొంతు వైపే రా. ఇటు, ఇటు… ఫోన్ పెట్టేస్తున్నా, నాకు రెండు చేతులూ కావాలి. పాపని అందించు—