విలన్ చివరి ఆట

ఇరవై ఏళ్లుగా, గెలుపోటములు ముందే అనుకుని ఆడే ఆటకుస్తీల్లో విలన్ వేషం కట్టి జనం చేత తిట్లు తిన్నవాడికి అదే ఆఖరి పోటీ. అతణ్ణి ఓడించాల్సింది సొంత బావమరిది. ఇద్దరూ మోకాళ్లకు పట్టీలు చుట్టుకుంటున్నారు.

"నీ మెడ నొప్పి తగ్గలేదుగా బావా. భుజాలమీదికి ఎత్తడం మానేద్దామా?"

"ఎత్తకుండా ఓడిస్తే ఎవడు నమ్ముతాడ్రా?"

"నీకేమైనా అయితే అక్క నా వీపు విమానం మోత మోగిస్తుంది."

"ముందు నాది మోగుతుందిలే, పద."

గోదాలో బావమరిది అతణ్ణి ఎత్తాడు. దీపాల వెలుగు పాలలా కళ్లలోకి ఒలికింది. బరువైన ఒళ్లు దూదిపింజలా తేలిపోయింది. హాలు సద్దుమణిగింది. ఆ తర్వాత ఎక్కడో చప్పట్లు మొదలై వానలా కమ్ముకొచ్చాయి.

"దించేస్తున్నా బావా, మెడ జాగ్రత్త."

"ఆగరా."

"ఏం, నొప్పా?"

"కాదురా. ఆ చప్పట్లు నాకేరా! కాసేపు విననీ."

భుజాలు వణుకుతున్నా బావమరిది కదల్లేదు.