ఉరికే చుక్క

దసరా వెళ్ళిన వారానికి, ఖాజాగూడ దగ్గర ఒక ఆఫీసు. ఎక్కడో హిమాలయాల్లో తనంతట తానే ఆకాశాన్ని ఫొటోలు తీసే టెలిస్కోపును ఈ గదిలోంచి చూసుకుంటారు. ఫోన్లు బయట లాకరులో పెట్టి లోపలికి రావాలి. లోపల సాయిచంద్, అతని టీమ్ లీడర్ శ్రావణి.

“ఎవ్వరికీ దొరకలేదా అక్కా? బయటోళ్ళ మూడు టెలిస్కోపులల్ల ఒక్కదానికి గూడ?”

“లేదు సాయిచంద్. మనం చెప్పిన చోట గ్రహశకలం ఏమీ లేదంట. పొరపాటైందని మెయిల్ రాసేయప్పా.”

“నేను రాయ! నాలుగు రాత్రులు నా ఫొటోలల్ల కనవడ్డది. రాత్రికి ఏమేం చూడాల్నో రాసుకునే వాళ్ళ లిస్టు సాయంత్రం నాలుగింటికి బంద్ అయితది. ఇయ్యాల చూడకపోతే రేపటికి సూర్యుని వెలుగుల మునుగుతది, ఇగ ఎవ్వరికీ దొరకది. జర ఇంకోసారి చూడక్కా, నీ కాళ్ళు మొక్కుత.”

“చూసినాం కదా. లెక్కలన్నీ సరిగ్గానే ఉండాయి.”

“అదే గద! చుట్టున్న నక్షత్రాలు వెంట్రుకంత తేడా లేకుండ సరిపోయినయ్. గా ఉరికే చుక్కొక్కటే తప్పుతుంది. నిలబడ్డయి సరిపోయి, ఉరికేది తప్పితే... టైము! టైమే తప్పు!”

“టైమెందుకు తప్పుతుంది? నువ్వు ఊరికే...”

“ఆయుధపూజకు మిషన్లన్నీ బంద్ చేసి బొట్లు పెట్టినం. మళ్ళ ఆన్ చేసినప్పుడు, ఫొటోల మీద టైము వేసే మిషన్ల టైము ఎవరు పెట్టిన్రు? అక్కా?”

“సాయిచంద్...”

“ఎవరు?”

“నేనే. శాటిలైట్ నుంచి టైము తీసుకునే పెట్టె ఆన్ కాలేదు. అవతల హారతికి పిలుస్తాండిరి. చేత్తో పెట్టేసినా. తర్వాత సరిచేద్దామనుకొని మర్చిపోయినా.”

“దేన్ని చూసి పెట్టినవ్? ఫోన్ లేదు గద నీ దగ్గర.”

“గోడ గడియారం చూసి.”

“గోడ... అక్కా! క్యాబ్ తప్పిపోతుందని దాన్ని ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకున్నం గద! నువ్వే పెట్టించినవ్!”

“తెలుసు. పొద్దున్నే గుర్తొచ్చింది. నా పేరు బయటికొస్తే ఉద్యోగం పోతుందని భయపడినా. తిట్టు, పడతా.”

“తిట్టుడు తర్వాత. ఐదు నిమిషాలు తీసేసి లెక్క మళ్ళ నడిపిస్తే రెండు నిమిషాల పని. పంపిద్దాం... అయ్యో. అయ్యో అక్కా, నాలుగు దాటింది! గోడ మీద నాలుగూ ఒకటి. స్క్రీన్ మీద గూడ గంతే. పాయె. పొద్దున్నే చెప్తే నీ సొమ్మేం పోయేది?”

“ఏడవద్దప్పా. కూర్చో.”

“పోయిందక్కా... ఇగ పోయింది...”

“కీబోర్డు ముందర కూర్చో అంటున్నా! ఆ రెండూ నేను పెట్టిన గడియారాలే. బయట ఇంకా నాలుగు కాలేదు.”