మా అమ్మాయికి కడుపునొప్పి

మధ్యాహ్నం మూడు దాటింది. కుట్టుమిషను గదిలో ఒక తల్లి, ఆవిడ కూతురు. పిల్ల ఈ మధ్యే నాలుగో తరగతి గట్టెక్కింది. వేసవి సెలవులు మొదలై ఇది నలభై రెండో రోజు.

"కుదరదు. కారణం సరిగ్గా లేదు."

"కడుపునొప్పి అని రాశాను కదే!"

"కదే ఏంటి? సెలవు చీటీ ఇచ్చేటప్పుడు హెడ్మాస్టర్ని ఎవరైనా ఏమే, కదే అంటారా?"

"తప్పయిపోయింది మేడం. కడుపునొప్పి మేడం. తొందరగా సంతకం పెట్టండి మేడం, మూడూ పది అయింది."

"కడుపునొప్పయితే అన్నం రెండుసార్లు ఎలా పెట్టుకున్నావు? నేను చూశా. గిన్నె అడుగు కూడా గీకావు."

"అది... తిన్నాకే వచ్చింది."

"ఎక్కడ?"

"ఇక్కడ."

"అమ్మా, అది నడుము."

"పాకింది."

"అబద్ధం! చీటీ తీసుకో. తిరస్కరించడమైనది."

"అబ్బో! ఆ మాట ఎక్కడ పట్టావే?"

"నాన్న లీవు అడిగితే వాళ్ళ ఆఫీసులో అలాగే రాసిచ్చారట. అమ్మా, మన ఇంటి బడి హాజరు పట్టీ చూడు. నాన్న ఆరుసార్లు ఆబ్సెంట్, అన్నీ ఆదివారాలే, మంచం దిగలేదని నేనే వేశా. నేను నాలుగుసార్లు. నువ్వు నలభై ఒక్క రోజులూ ప్రెజెంట్. ఇవాళ ఒక్కటి పోయిందంటే బహుమతి పోతుంది."

"నాకు ఏ బహుమతీ వద్దు తల్లీ. ఒక్క సాయంత్రం చాలు. నాలుగింటి నుంచి అయిదింటి దాకా నేను ఎవరికీ అమ్మని కాను, ఎవరికీ టైలర్ని కాను. అమ్మా ఆకలి, అమ్మా నా తువ్వాలు, ఏమండీ మావాడి యూనిఫారం అయిందా... ఒక్క గంట ఏదీ వినపడకూడదు. సెలవులు సెలవులని అందరూ గంతులేస్తారు. బడి తెరిచేలోపు నూట ఇరవై నిక్కర్లకి కాజాలు తీసేది ఎవరు? మీకు సెలవులు, నాకు చాకిరీ!"

"అరుస్తున్నావు."

"అరవట్లేదు. చెప్తున్నా."

"మా మీద కోపమా?"

"ఛ ఛ, ఎందుకే కోపం? మీరుంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది. నువ్వు ఈ మిషను కింద దూరి నీ పిచ్చి పాటలు పాడుతుంటే నాకు కుట్టు పరుగెడుతుంది. అన్నీ ఇష్టమే. కానీ ఇంత ఇష్టంలోనూ నాకంటూ ఒక గంట మిగలట్లేదు, అంతే."

"ఆ గంటలో ఏం చేస్తావు?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే."

"ఎక్కడికి వెళ్తావు?"

"ఇక్కడికే. కొంచెం అవతలికి."

"నాకేదో అనుమానంగా ఉంది. చీటీ మళ్ళీ చదువుతా, విను. 'గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారికి. మా అమ్మాయికి కడుపునొప్పిగా ఉన్నందువల్ల ఈరోజు రాలేకపోతున్నది. కావున దయచేసి మా అమ్మాయికి ఒక్కరోజు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన.' అమ్మా, మా అమ్మాయి ఎవరు?"

"అయ్యో రామా! అలవాటులో పడిపోయింది. నాలుగేళ్ళుగా నీకు ఇవే రాసి రాసి చెయ్యి దానంతటదే పోయింది. ఇటివ్వు, కొట్టేసి నాకు అని రాస్తా."

"కొట్టివేతలు చెల్లవు. మా అమ్మాయంటే నేను. నాకేం నొప్పి లేదు. పోనీ నువ్వే అమ్మాయివి అనుకుందాం. ఎవరి అమ్మాయివి?"

"అమ్మమ్మ అమ్మాయిని."

"మరైతే అమ్మమ్మే సంతకం పెట్టాలి. ఫోన్ ఎక్కడ?"

"వద్దు! అమ్మమ్మకి మాత్రం వద్దే! ఫోన్ కింద పెట్టు."

"అంత భయమెందుకు? అసలు ఇందాకట్నుంచీ ఆ నీలం యూనిఫారం మీద చెయ్యి అడ్డం పెడుతున్నావు. ఎవరిదది?"

"ఎవరిదో. పదో తరగతి పిల్లది."

"ఇటు చూపించు... ఇది సాగుతోందేంటి? ఏ బడిలో సాగే యూనిఫారం వేసుకుంటారు? మోకాళ్ళ దాకా కాళ్ళు, వెనక జిప్పు... అమ్మా! ఇది స్విమ్మింగ్ డ్రెస్! అచ్చం నాదే, పెద్దది!"

"మెల్లగా, అరవకు. పక్కింటివాళ్ళు వింటారు."

"ఎవరిది?"

"నాదే."

"నీదా? నువ్వు స్విమ్మింగ్ పూల్లో దిగుతావా? మొదటి మెట్టు తడిగా ఉంటేనే అమ్మో అంటావు!"

"అంటా. అయితే ఏం? మొన్న నీ ఈత క్లాసులో నేను ఒడ్డున బల్ల మీద కూర్చుని గుండీలు కుడుతుంటే ఒకటి జారి నీళ్ళలో పడింది, గుర్తుందా?"

"నేనే కదా మునిగి తెచ్చా."

"బుడుంగున మునిగి, తెచ్చి, నా చేతిలో పెట్టి ఏమన్నావు?"

"ఏమన్నాను?"

"'అమ్మా, నువ్వు ఒడ్డునే ఉండు, నీకు రాదుగా' అన్నావు."

"నేను మామూలుగానే అన్నా!"

"మామూలుగా అన్నావు కాబట్టే గుచ్చుకుంది. నడుము లోతు నీళ్ళు! నలభై రోజులుగా ఒడ్డున మీ చెప్పులకీ తువ్వాళ్ళకీ కాపలా కాస్తున్నా. ఆ నీళ్ళు తళతళా మెరుస్తుంటే నాకు మాత్రం ఉండదా? ఇవాళ నాలుగింటికి పెద్దవాళ్ళ కొత్త బ్యాచ్. మొదటిరోజు రానివాళ్ళని చేర్చుకోనని కోచ్ మేడం కచ్చితంగా చెప్పేసింది."

"మరి కడుపునొప్పని ఎందుకు రాశావు?"

"సిగ్గేసింది. దిగీదిగగానే భయపడి పరుగెత్తుకొచ్చేస్తే నువ్వు నవ్వుతావని."

"నవ్వుతా. కొంచెమే."

"తెలుసు."

"మరి అమ్మమ్మకి చెప్తే ఏమవుతుంది?"

"నీ వయసులో నేనూ అడిగానే. నా స్నేహితురాళ్ళందరూ ఈతకి పోయేవాళ్ళు. అమ్మమ్మ ఒకటే మాట, 'నీళ్ళ జోలికి వెళ్ళావో కాళ్ళు విరగ్గొడతా' అని. ఎంత ఏడ్చినా కరగలేదు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ ఊసే ఎత్తలేదు."

"ఇప్పుడు నీకు ముప్ఫై ఎనిమిదేళ్ళు అమ్మా!"

"అయితే మాత్రం? ఇప్పుడు కూడా మా అమ్మ వద్దందంటే నేను ఆ మెట్టు దిగలేను. నా సంగతి నాకు తెలుసు. అందుకే తనకి తెలియకుండా... ఏయ్, ఏం చేస్తున్నావు?"

"మోగుతోంది."

"దొంగపిల్లా! పెట్టెయ్! పెట్టెయ్యవే!"

"హలో! ఏమ్మా హెడ్మాస్టరమ్మా, బడి ఎలా నడుస్తోంది?"

"అమ్మమ్మా, మీ అమ్మాయి సెలవు అడుగుతోంది. నీ సంతకం కావాలి. కారణం తనే చెప్తుంది. స్పీకర్లో పెట్టా."

"సెలవేంటే? ఏమైంది? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నానమ్మా. ఏం లేదు. భోంచేశావా?"

"మూడున్నరకి ఇంకా భోంచెయ్యకుండా ఉంటానా? నసగకుండా చెప్పు."

"అది కాదమ్మా... ఈత నేర్చుకుందామని. ఇవాళ నాలుగింటికి. అందరూ ఆడవాళ్ళే. నడుము లోతే. కోచ్ పక్కనే ఉంటుంది, పట్టుకోడానికి కడ్డీ ఉంటుంది... అమ్మా? ఉన్నావా?"

"ఉన్నా."

"వద్దంటావా?"

"ఎన్ని రోజులకి రాశావు?"

"ఒక్కరోజుకే. ఒక్కరోజు దిగి చూసి, భయమేస్తే మానేసి..."

"అయితే నేను సంతకం పెట్టను."

"సరేలే అమ్మా. ఊరికే అడిగా. నిజానికి నాకూ ఖాళీ లేదు, ఇంకా ముప్ఫై నిక్కర్లున్నాయి..."

"నన్ను మాట్లాడనిస్తావా? చిన్నప్పుడు నీకు భయం లేదే. వీధిలో నీటి గుంట కనిపిస్తే చాలు, రెండు కాళ్ళతో ఉరికేదానివి. భయం నాది. నీకేమైనా అయితే నేను బతకలేనని భయం. నా భయాన్ని నీ కొలతలకి కుట్టి నీకు తొడిగేశాను. ఇన్నేళ్ళుగా నువ్వు అదే వేసుకుని తిరుగుతున్నావు. తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంటుంది."

"అమ్మా..."

"ముక్కు చీదకు. హెడ్మాస్టరమ్మా, మీ అమ్మ ఏడుస్తోందా?"

"ఏడుస్తూ జిప్పు కుడుతోంది అమ్మమ్మా."

"కుట్టనీ. మరి సంతకం సంగతి రాసుకో. ఒక్కరోజుకైతే నేను పెట్టను. ఈ వేసవి అయ్యేదాకా అని రాసి పట్టుకురా, ఎన్ని కావాలంటే అన్ని పెడతా."