ఎవరికీ తెలియని రెండు దొంగతనాలు

వంటింట్లో కోడలు గిన్నెలు తోముతోంది. ఆమె బాలనేరస్థుల ప్రొబేషన్ అధికారి. మామగారు పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తున్నారు.

“నా కేసులో ఇద్దరు కుర్రాళ్లున్నారు కదా, అందులో ఒకడు మార్చి పన్నెండు, గురువారం అన్నాడు మామయ్యా. ఆ పొద్దున రెండు ఉడకబెట్టిన గుడ్లు తిన్నాడట. అదీ గుర్తే. ఎంత మొండి ఘటమో చూడండి.”

“గుర్తుంటే మొండితనమా అమ్మా?”

“సైకిల్ కొట్టేసిన రోజు గురించి అంత నింపాదిగా చెబుతుంటే ఏమనుకోవాలి? రెండోవాడు కూర్చోగానే ఏడ్చేశాడు. ఇదే మొదటిసారి మేడమ్ అన్నాడు.”

“ఫోన్ల షాపు షట్టరు ఇద్దరూ కలిసే లేపారన్నావు కదా?”

“కలిసే.”

“మరి ఈ సైకిలేమిటి?”

“పాతది. దానికి ముందో పర్సు. కేసుల్లేవు. వాడే చెప్పాడు.”

“నువ్వడిగితే.”

“అడగడం నా పని. దాచకుండా చెబితే సాయం చేస్తానన్నాను. చెప్పాడు.”

“చేశావా?”

“ఏం చేయను? అలవాటుపడ్డాడు, పశ్చాత్తాపం లేదు అని రిపోర్టులో రాశాను. పద్దెనిమిది నిండేదాకా హోంలో ఉంచమన్నాను. రేపే విచారణ. నా మాట జడ్జిగారు దాటరు.”

“ఏడ్చినవాడు?”

“ఇంటికి. వాడి వెంట తండ్రి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదస్తుడు. వీడికి నాయనమ్మ ఒక్కతే. మావాడు అబద్ధమాడడమ్మా అని ఒకటే నస.”

“ఏడవడానికి వీడూ ఓ ఉల్లిపాయ పట్టుకు రావలసింది.”

“వేళాకోళమా మామయ్యా?”

“కాదమ్మా, రోత. నిన్ను నమ్మి నోరు విప్పినవాడు హోంకి, నోరు మూసుకున్నవాడు ఇంటికి. రిపోర్టులోంచి ఆ సైకిలూ పర్సూ తీసెయ్యి. ఇంకా టైముంది.”

“రేపు వాడు ఇంకేదన్నా చేస్తే? నా మెడకు చుట్టుకుంటుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ముఖం చూస్తే తెలిసిపోతుంది నాకు.”

“ఏం తెలుస్తుంది?”

“మీకు లోకం తెలియదు, వదిలెయ్యండి. చిన్నది పడుకుందా? బడి నుంచి వచ్చినప్పట్నుంచీ నా కొంగు పట్టుకు తిరుగుతోంది. ఏదో చేసొచ్చింది. నిజం చెబితే ఏమీ అనను అన్నాను.”

“మంచం మీద కూర్చునుంది. అమ్మ పని అయ్యాక చెబుతానంది.”

“అయిపోయిందిగా. గుడ్డ అక్కడ పెట్టేసి ఎక్కడికి, పిలుచుకొస్తారా?”

“లేదమ్మా. అది వచ్చి నీకు చెప్పేలోపే దాని గది తలుపు వేసొస్తాను.”