పై పంచమం

తప్పు పెట్టెదా, చెవిదా?

మూడు రోజులుగా మొగులయ్య తనను తాను అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. జవాబు తనలోనే ఉన్నదని ఎరిగిన మనిషి కూడా దాన్ని బయట వెతకడానికే ఇష్టపడతాడు. అందుకే, మాదన్నపేటలో ముప్పై ఏళ్లుగా హార్మోనియంలకు శ్రుతి కలుపుతున్న అతడు 1982 వేసవిలో ఒక మధ్యాహ్నం, జేబులో కేసెట్టుతో, వెంట భార్య మాణిక్యమ్మతో, నయాపూల్ పక్కన అమరనాథ్ నడిపే టేప్‌రికార్డర్ల దుకాణానికి వచ్చాడు. బల్ల మీద మూడు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. మొదటిది అప్పుడే అతని చెవుల మీది నుంచి దిగింది.

“ఇది గాదు, అమరనాథ్ సేటూ. ఇది టెలిఫోన్ లెక్క మాట్లాడుతుంది. తీసెయ్.”

“అది దేశీది, మొగులన్నా. పాటకు పనికిరాదు. క్రికెట్ వార్తలకు పనికొస్తది.”

“మరి ముందుగాల దీన్నే ఎందుకు పెట్టినవ్?”

“కింది మెట్టు తెలిస్తెనే గద, పై మెట్టు ఎంతెత్తున్నదో తెలిసేది. ఇగో, ఇది జపాన్‌ది. గద్ది ముట్టుకొని చూడు, పిల్లి వీపు లెక్కుంటది. చెవి మొత్తం మూస్తది. బ్రిడ్జి మీది హారన్ ఒక్కటి లోపలికి రాదు. మాణిక్యమ్మక్కా, నువ్వు ఆ స్టూల్ మీద కూసో.”

“నిలబడే ఉంట, అమరనాథ్. జల్ది పోవాలె మేము.”

“ఏం జల్ది, మాణిక్యం? బాబురావు రమ్మన్నది ఐదు గంటలకు. ఇంకా మూడు గాలే.”

“ఆయన రమ్మంటె పోవుడేనా? కేసెట్టు వాపస్ పంపిస్తె అయిపాయె.”

“ఎట్ల పంపుతనే? పది మంది ముంగట ‘నీ చెవి పోయింది మేస్త్రీ’ అన్నడు. విన్నవా సేటూ? నా చెవి పోయిందట!”

“ఏ బాబురావు? బట్టల దుకాణం, భజన మండలి, ఆ బాబురావేనా?”

“ఆయనే. పోయిన నెల వాళ్ల హార్మోనియం పెట్టె బాగుజేసిచ్చిన. పై సప్తకంల పంచమం కొట్టుకుంటుందట. లొల్లి అదే.”

“కొట్టుకునుడంటె?”

“ఒక్క మెట్టు నొక్కితే లోపల రెండు రీడ్లు మోగుతయ్. రెండు కలిస్తె ఒక్కటే గొంతు. వెంట్రుక మందం తేడా వచ్చిందనుకో, గొంతు వణుకుతది. వాం, వాం, వాం... గట్ల. అది కొట్టుకునుడు. అది ఇనవడకపోతే శ్రుతి మేస్త్రి ఎందుకు, సేటూ? గడ్డపార పట్టుకొని మన్ను తవ్వుకోవాలె.”

“మరి నీకు ఇనవడ్డదా?”

“ఉంటె గద! వాడు భజనల రికార్డు చేసి కేసెట్టు పంపిండు. నా ఇంట్ల టేప్ డబ్బాల ఇరవై సార్లు ఇన్న. బిల్కుల్ లేదు. వాడేమంటడు, నీ డబ్బా పాతది, అండ్ల ఏమినవడ్తది అంటడు. ఇయ్యాల ఐదింటికి తప్పు ఒప్పుకోవాలె, లేకుంటె మండలి పెట్టెలు పదకొండు సుల్తాన్‌బజార్ల కొత్త మేస్త్రికి పోతయ్. గందుకే మంచి హెడ్‌ఫోన్ కావాలె. వాని నెత్తి మీద పెట్టి, ‘ఇను భాయ్, ఏడ కొట్టుకుంటుందో చూపెట్టు’ అంట.”

“అంతమంది ముంగట ఎందుకయ్యా గింత పంతం?”

“పంతం గాదు, మాణిక్యం. నా బతుకది. నువ్వు ఊకో. సేటూ, పెట్టు జపాన్‌ది.”

“ఇగో... ఎట్లున్నది?”

“ఆహా! కింది షడ్జం చూడు, కడుపుల మోగుతుంది! ఇంత తియ్యగుంటదా హార్మోనియం? ఆగు, ఆగు, పైకి పోతున్నరు... పంచమం వచ్చింది... పోయింది. లేదు! సేటూ, ఏం లేదు! చక్కెర లెక్కున్నది.”

“అన్నా, జర నా మాట ఇను. అమ్ముకునేటోన్ని, అయినా చెప్తున్న. దాని స్వభావమే గట్లుంటది. ఎవరెట్ల పాడినా మెచ్చుకుంటది. కింద జర పెంచుతది, పైన జర నునుపు చేస్తది. పెండ్లిల ఫోటోకు రంగులేసినట్టు.”

“అంటే ఇది చెప్పేది నిజం గాదంటవా?”

“నీకు సంతోషం కావాల్నా, సంగతి కావాల్నా? సంతోషమైతె ఇదే. సంగతైతె ఆ మూడోది.”

“జపాన్‌దే మంచిగున్నది. అదే కట్టియ్యి, అమరనాథ్. పోదాం పా.”

“నువ్వు పెట్టుకోనే లేదు గద మాణిక్యం?”

“నీ మొఖం చూస్తె తెలుస్తలేదా? మస్తు సంతోషంగున్నవ్. చాలదా?”

“చాలదు. మూడోది చూపియ్, సేటూ.”

“ఇది జర్మనీది. మా తమ్ముడు దుబాయ్‌కెల్లి తెచ్చిండు. వెనక చూడు, సన్న రంధ్రాల జాలి ఉన్నది. మూతలేదు. ఏమున్నదో గదే చెప్తది, ఒక్కటి కలపది. ఒక్కటే తకలీఫ్, ఆవాజ్ బయటకు కారుతది. పక్కోళ్లకు సన్నగ ఇనవడ్తది.”

“అయ్యా, వద్దు. ఇగ చాలు. రెండు ఇన్నవ్ గద.”

“నీకేమైందే? పొద్దుగాల్నించి వద్దు వద్దంటున్నవ్. పెట్టు సేటూ... ఊ... కింద జర పలచగున్నది.”

“పలచన గాదు. అసలున్నదే అంత.”

“పెంచు.”

“ఇంకా పెంచాల్నా?”

“పెంచు, సేటూ! సన్నటి ఆవాజ్ పెంచే గుండీ ఉంటది గద, అది గూడ తిప్పు.”

“మొత్తం తిప్పిన. ఇగ తిరగది.”

“ఇప్పుడొస్తది... ఇగో, పైకి పోతున్నరు... ఇగో... లేదు! లేదు! జర్మనీది గూడ లేదనే అంటుంది!”

“అక్కా! ఏమైంది? గట్ల చెవులు మూసుకున్నవ్?”

“మెల్లగ మాట్లాడు, అమరనాథ్. ఏం గాలే.”

“ఇంత దూరంల నిలబడ్డవ్. నీకేమన్న ఇనవడ్డదా?”

“ఏం లేదంటున్న గద! నీకు దండం పెడ్త, ఊకో.”

“ఏంది, ఇద్దరు గుసగుసలాడుతున్నరు? ఉండు, ఇది తీస్త. ఆ, ఇప్పుడు చెప్పున్రి.”

“ఏం లేదన్నా.”

“కట్టు సేటూ దీన్ని. ఒక్క నెల కమాయి పోతె పోనీ. ఇయ్యాల బాబురావు నెత్తి మీద కిరీటం పెట్టినట్టు పెడ్త!”

“పెట్టకు.”

“ఏందే?”

“ఆయన నెత్తి మీద అది పెట్టకు. నీ కాళ్లు మొక్కుత. జపాన్‌ది పెట్టు, దేశీది పెట్టు. ఇది వద్దు.”

“మాణిక్యం.”

“పోదాం పా, టైమైతుంది.”

“మాణిక్యం, ఇందాక చెవులెందుకు మూసుకున్నవ్?”

“నువ్వు చూసినవా?”

“పాట ఇనేటప్పుడు నేను కండ్లు సగమే మూస్త.”

“హారన్ కొట్టిన్రు.”

“హారన్ నాకు గూడ ఇనవడ్డది. అది గాదు. సేటూ, నువ్వు చెప్పు. నీకు ఏమినవడ్డది?”

“నేను దుకాణపోన్ని అన్నా. నాకు సుర్ ఏమెర్క?”

“ఇనవడ్డదా, లేదా?”

“ఏదో... సన్నగ. దోమ రెక్కలు కొట్టుకున్నట్టు. నాకు తెల్వదన్నా, కసమ్.”

“సరే. మాణిక్యం, ఇది పెట్టుకో.”

“నాకెందుకు?”

“పెట్టుకో. సేటూ, ఎనకకు తిప్పు. ఆవాజ్ తగ్గియ్, ఆమె చెవికెంత కావాల్నో గంతే. ఇగో నా చెయ్యి. పై పంచమం వచ్చినప్పుడు అది ఎట్ల కొట్టుకుంటదో గట్ల నా అరచేతుల కొట్టు. కొట్టుకోకపోతె కొట్టకు.”

“గిదేం పరీక్షయ్యా, నడి బజార్ల...”

“నడిపియ్, సేటూ.”

“నడిపిన. పాట మొదలైంది... తబలా... ఇగో, గొంతు పైకి లేస్తుంది, అక్కా.”

“మాణిక్యం? వచ్చిందా?”

“వచ్చింది.”

“నువ్వు కొడ్తలేవ్. అంటే లేదన్నట్టేనా?”

“కొడ్తలేను.”

“లేదా?”

“ఉన్నది.”

“మల్ల తిప్పు, సేటూ. మాణిక్యం, ఈసారి కొట్టు.”

“నాతోటి చేపియ్యకు...”

“కొట్టు!”

“ఇగో. ఇగో. ఇగో. ఇగో.”

“గంత జోరా?”

“సెకండుకు నాలుగు. రెండో రీడు కిందికి దిగింది. పెద్దదేం గాదయ్యా, ఫికర్ జెయ్యకు. కొసకు రెండు గీకులు గీకితె కలుస్తది.”

“ఏమన్నవ్?”

“ఏమనలే.”

“కొసకు రెండు గీకులన్నవ్.”

“నువ్వు పని చేస్తుంటె ఎదురుంగ కూసొని ముప్పై ఏండ్లు తిత్తి కొట్టిన. నా చెవుల పడదా?”

“తిత్తి కొట్టేటోళ్లకు కొట్టుకునుడు ఇనవడ్తది, ఒప్పుకుంట. కొస గీకాల్నా, మొదలు గీకాల్నా, ఒకటా, రెండా... అది చెవికి తెల్వది మాణిక్యం. చేతికే తెలుస్తది. రీడు పట్టుకున్న చేతికి.”

“ఇది తీస్త, ఉండు.”

“నీ చెయ్యి ఇటు తే. ఈ గీట్లేంది?”

“కూరగాయలు కోస్తుంటె...”

“కూరగాయలు కోస్తె బొటనవేలు కొనకు గీట్లు పడయ్. నాకు గూడ ఆడనే ఉన్నయ్, చూడు. ఎన్ని పెట్టెలు?”

“అయ్యా...”

“ఎన్ని పెట్టెలు ముట్టుకున్నవ్ నువ్వు?”

“అన్ని.”

“ఎప్పట్నించి?”

“రెండేండ్లాయె. సంగీతం నేర్పే వైకుంఠం సార్ బడి పెట్టె గట్లనే ఇస్తె వాపస్ వస్తదని ఎర్కైంది. పై స్వరాలు మూడు ఏడ్పు లెక్కుండె. నువ్వు హోటల్‌కు చాయ్‌కి పోయినవ్. ఇప్పి, గీకి, మల్ల బిగించి పెట్టిన. తెల్లారి ఆయన వచ్చి ‘మొగులయ్య చెయ్యి పడితె చాలు’ అన్నడు. నువ్వు ఆ దినమంత నవ్వుకుంటనే ఉన్నవ్. ఎట్ల చెప్పాలె నీకు? మల్లొక్క పెట్టె వచ్చింది. మల్ల చాయ్‌కి పోయినవ్.”

“మరి బాబురావు పెట్టె?”

“ఆనాడు నువ్వు చాయ్‌కి పోకముందే ఆటో తెచ్చి ఎత్తుకపోయిండు. ఆ ఒక్కటే నేను ముట్టలే.”

“ఆ ఒక్కటే నాది.”

“గట్లనకు.”

“రెండేండ్లల ఆ ఒక్కటే నేను కలిపింది, అదే తిరిగొచ్చింది. మొన్న ఆ కవ్వాలీ ఉస్తాద్ నా చెయ్యి ముద్దు పెట్టుకున్నడు. పై స్వరాలు తేనె కారినట్టున్నయ్ అన్నడు...”

“కింద రెండు సప్తకాలు నీయే.”

“నేను పైది అడుగుతున్న.”

“నా నోటితోటి చెప్పియ్యకయ్యా.”

“అన్నా, ఇగో నీళ్లు. తాగు.”

“వద్దు సేటూ.”

“దవాఖానకు పోదాం. మా ఇంట్లోళ్లకు తెలిసిన డాక్టరున్నడు, ఈ పొద్దే...”

“పోయిన.”

“ఏడికి?”

“దవాఖానకు. ఉగాదికి ముందల. చిన్న గదిల కూసోబెట్టిన్రు. నెత్తికి హెడ్‌ఫోన్ పెట్టిన్రు. చప్పుడు ఇనవడ్డప్పుడు వేలెత్తాలె. కిందియి ఎత్తిన. పైకి పోయినంక ఎంత సేపు కూసున్నా ఏం రాలే. నేను అనుకున్న, మిషన్ బందు చేసిన్రని. డాక్టర్ లోపలికొచ్చి కాయితం చేతుల పెట్టిండు. పైది పోయింది, మల్ల రాదు, ఉన్నది కాపాడుకో అన్నడు.”

“నాకెందుకు చెప్పలే?”

“నేను నమ్మితె గద నీకు చెప్పేది! వాళ్ల హెడ్‌ఫోన్ మంచిది గాదనుకున్న, మాణిక్యం. సర్కారు మాల్, గద్దులు చినిగి ఉండె. మంచిదాంట్ల ఇంటే ఇనవడ్తది అనుకున్న. బాబురావు కోసం గాదు. గందుకొచ్చిన ఈడికి.”

“అయ్యో... నేను నీకు దాస్తి, నువ్వు నాకు దాస్తివి.”

“మొగులన్నా, నేనొక మాట చెప్తె తప్పనుకోకు. జపాన్‌ది తీసుకపో. ఊకెనే తీసుకపో, రేపు తిరిగియ్యి. బాబురావుకు అండ్ల ఇనిపియ్. అది నునుపు చేస్తది. ఆయన గూడ అవునంటడు. ఇజ్జత్ మిగులుతది.”

“అవునయ్యా. గట్లనే చెయ్. వారం పది దినాలకు పెట్టె ఏదో సాకు మీద ఇంటికి తెప్పిస్త. నేను చూసుకుంట.”

“నేను చాయ్‌కి పోయినప్పుడు.”

“నువ్వు చాయ్‌కి పోయినప్పుడు.”

“నేను వచ్చేటాళ్లకు నువ్వు తిత్తి కాడ కూసొని ఉంటవ్.”

“కూసుంట. నాకేం కష్టం? ఉన్నన్నాళ్లు గట్లనే నడుపుదాం. ఎవరికి ఎర్క?”

“తియ్యగుంటది గద, సేటూ?”

“మస్తు తియ్యగుంటదన్నా.”

“అట్టడబ్బాల పెట్టు దాన్ని. అదీ, ఇదీ, రెండూ లోపల పెట్టు. నీ ఫోన్ ఇటు జరుపు.”

“ఎవరికి చేస్తున్నవయ్యా? అయ్యా, ఇను! ఒక్క దినం ఆగు, నిమ్మళంగ ఆలోచన చేద్దాం...”

“రెండేండ్లు ఆగినవ్ గద. హలో? బాబురావు భాయ్? నేను మొగులయ్యను... ఆ, ఇన్న. మంచిదాంట్లనే ఇన్న... కొట్టుకుంటుంది. సెకండుకు నాలుగు. తప్పు నాదే... లేదు భాయ్, ఏడిపిచ్చుడేం లేదు, నిజమే చెప్తున్న. నాకు పైది ఇనవడ్తలేదు... ఆ. ఇంకెప్పుడూ ఇనవడది... నీ ఎదురుంగ పెట్టె ఇప్పి పెట్టు. ఇప్పుడే బయలెల్లుతున్నం, ఐదింటి దాంక వద్దు... గీకుడు నేను గాదు, మేస్త్రిని తోల్కొని వస్తున్న... పదకొండు పెట్టెలకు గూడ. నా కంటె మంచి చెవి, మంచి చెయ్యి... సుల్తాన్‌బజారోడు గాదు. మా మాదన్నపేటనే... ఏం పేరా? పేరు ఆడ చెప్త. ఇంకొకటి, బాబురావు భాయ్. ‘వస్తడా, వస్తడా’ అని అడగకు. వస్తది.”