నూట పద్దెనిమిది

కోడలిది పుట్టుకతోనే చిల్లుపడి, చిన్నప్పుడు కుట్టించుకున్న గుండె. అందుకే కాన్పయి మూడు రోజులైనా ఆమెను నాడి చూపే మెషిన్ పక్కనే ఉంచారు. నాడి వంద దాటకుంటేనే ఇవాళ పాపను చేతికిస్తానంది డాక్టరమ్మ. కునుకు తీసి లేచిన కోడలు మెషిన్ కేసి చూసి హడలిపోయింది.

"అత్తయ్యా, నూట పద్దెనిమిది!"

"అటు చూడకు. పడుకో."

"నా కొంప మునిగింది. ఇవాళ కూడా పాపను ఇవ్వరు!"

"నీకేం కాలేదమ్మా. గుండ్రాయిలా ఉన్నావు."

"మీకెలా తెలుసు?"

"తెలుసంతే."

"మీ చెయ్యి దుప్పటి కింద ఎందుకుంది?"

"చలేస్తోంది."

"ఒక్క చేతికేనా? అత్తయ్యా, నా వేలికున్న క్లిప్పేది?"

"నువ్వు నిద్రలో కదిలినప్పుడల్లా అంకె తొంభై ఆరు దాకా ఎగిరింది. డాక్టరమ్మ వచ్చే వేళాయె. కాసేపు నేను పెట్టుకున్నా. నాది ఉక్కు గుండె అని మీ మామయ్య అంటుంటారుగా."

"ఉక్కు ఇలా కొట్టుకుంటుందా?"

"పెట్టుకున్నప్పుడు ఎనభైయే. దొరికిపోతానేమో అనుకున్నానో లేదో, పైకి పాకింది."

"ముందు ఇటివ్వండి!"

క్లిప్పు చేతులు మారింది. మెషిన్ కాసేపు తటపటాయించి ఎనభై నాలుగు చూపించింది. అప్పుడే లోపలికొచ్చిన డాక్టరమ్మ ఆ అంకె చూసి తలూపి, పాపను తెమ్మని నర్సును పంపి వెళ్లింది.

"చూశావా, నే చెప్పలా! ఇంక పాపను తేగానే ముందు నా ఒళ్లో పెట్టు."

"కుదరదత్తయ్యా. మీరు వందకి దిగేదాకా పాప నా దగ్గరే."